నాకు నలుగురి ఉత్తరాలు చాలు: ఒక మెయిలింగ్ లిస్టు ఫిల్టర్ కథ

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాది చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం, విండోస్ మళ్లీ ఎక్కించడం, దరఖాస్తులకు ఫొటో సైజు తగ్గించడం, రోజులో ముప్పాతిక భాగం ఇదే. మెయిల్ ఫిల్టర్, అంటే వచ్చిన ఉత్తరాలను దానంతటదే వేరుచేసే ఏర్పాటు, పెట్టమని ఎవరూ రారు. అందుకే ఒక పొద్దున రామగిరి నుంచి ఒక పెద్దాయన లాప్‌టాప్ సంచి భుజానేసుకొచ్చి, "తమ్మీ, నాకు నలుగురి ఉత్తరాలు చాలు. మిగిలినయి ఎటన్న పోనీ" అన్నప్పుడు అరగంట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఎక్కడెక్కడ తప్పానో ఇక్కడ రాసిపెడుతున్నాను, ఇంకో షాపాయనకు పనికొస్తుంది.

ముందు ఆయన గురించి చెప్పాలి, లేకపోతే ఈ గోల ఎందుకో అర్థం కాదు. నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి ఫ్లోరైడ్ కొలవడమే ఆయన ఉద్యోగమంతా. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని భారత ప్రమాణం. ఆయన చూసిన సీసాల్లో దానికి ఎన్నో రెట్లు ఉన్నవి బోలెడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపి, బ్లీచింగ్ పౌడర్ వేసి తేట నీళ్లు పైనుంచి తీసుకునే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరు 'నల్లగొండ టెక్నిక్'. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక మన దగ్గర దాని ఊసెత్తేవాళ్లు తగ్గిపోయారు. కానీ తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా ఇథియోపియా రిఫ్ట్ లోయ పల్లెల్లో, దాన్ని వాడినవాళ్లున్నారు. మన ఊరి పేరును మనకంటే వాళ్లే ఎక్కువసార్లు పలుకుతారేమో అని సారు నవ్వుతుంటారు.

తాగునీటి మీద పనిచేసేవాళ్ల అంతర్జాతీయ మెయిలింగ్ లిస్టు ఒకదాంట్లో సారు సభ్యులు. అంటే ఒకరు రాస్తే సభ్యులందరికీ చేరే మెయిల్ గుంపు. రోజుకు నలభై, యాభై మెయిళ్లు. అందులో ఇథియోపియా నుంచి ఒక ఇంజనీరమ్మ ఒక ప్రశ్న అడిగింది: శుద్ధి చేశాక నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతోంది, పటిక మోతాదును నీటి క్షారతతో ఎలా సరిచూసేవారు, నల్లగొండలో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. సారు అది చూసింది పంతొమ్మిది రోజుల తర్వాత.

"నల్లగొండ మనిషి ఎవరన్న ఉన్నరా అని అడిగింది తమ్మీ. ఉండి కూడ లేనట్టే అయితి" అన్నారు. ఆ మాట తర్వాత రెండొందలు తీసుకోవడానికి చెయ్యి రాలేదు. తీసుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

ఆయనకు కావలసిన నలుగురు: ఈ ఇంజనీరమ్మ, కెన్యాలో ఒక ప్రయోగశాలాయన, హైదరాబాద్‌లో ఒక రెడ్డిగారు, నాగపూర్‌లో పాత సహోద్యోగి. వీళ్ల మెయిళ్లు పైన కనపడాలి. మిగతావి పోకూడదు, తీరిక దొరికినప్పుడు చదువుకోవడానికి ఒక పక్కన ఉండాలి. మెయిల్ పెట్టె జీమెయిల్‌ది. లాప్‌టాప్‌లో దాన్ని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాముతో, మెయిళ్లు సర్వరులోనే ఉండే ఐమ్యాప్ పద్ధతిలో చదువుతారు.

పెట్టె తెరిచి చూస్తే అసలు ఆ నలుగురి పేర్లే లేవు. రోజుకు రెండు, మూడు పెద్ద మెయిళ్లు, అన్నీ ఒకే చిరునామా నుంచి. మెయిళ్లు ఎక్కువయ్యాయని సారే ఎప్పుడో డైజెస్ట్ ఎంచుకున్నారట. డైజెస్ట్ అంటే ఇరవై ఉత్తరాలను ఒక మూటగట్టి లిస్టు తన పేరుతో పంపడం. మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే లిస్టులైతే ఫ్రమ్‌లో, అంటే పంపినవారి వరసలో, లిస్టు పేరు పక్కన 'రిక్వెస్ట్' అన్న ముక్క తగిలించి ఉంటుంది. మూట లోపల ఎవరి ఉత్తరం ఉందో ఫిల్టర్ విప్పి చూడదు. పంపినవారిని బట్టి వేరు చేయాలంటే మూట వద్దు, విడివిడిగా రావాలి. లిస్టు పేజీలో సభ్యత్వం సెట్టింగు మార్చాం. మరునాడు నలభై మూడు మెయిళ్లు వచ్చి పడ్డాయి. సారు భయపడి ఫోన్ చేశారు. "గదే వస్తది సార్, ఇప్పుడు మొదలుపెడదాం" అన్నాను ధీమాగా.

ఆ ధీమాతోనే మొదటి తప్పు చేశాను. థండర్‌బర్డ్‌లో టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరిచి, 'ఏదో ఒకటి సరిపోతే చాలు' అన్న షరతు ఎంచి, ఫ్రమ్‌లో ఫలానా పేరు ఉంటే 'ముఖ్యం' ఫోల్డర్‌కు పంపు అని నాలుగు వరసలు రాశాను. చిరునామాలు వెతికే ఓపిక లేక పేర్లలో ఒక ముక్క చాలనుకున్నాను. హైదరాబాద్ ఆయనకు 'రెడ్డి' అని పెట్టాను. సాయంత్రానికి ముఖ్యం ఫోల్డర్‌లో ప్లాట్లు అమ్మేవాళ్లు, బ్యాంకు మేనేజరు, సారు మేనల్లుడి పెళ్లి పత్రిక, చిట్టీ వాయిదా గుర్తుచేసేవాళ్లు. నల్లగొండ మనిషి మెయిల్ పెట్టెకు ఆ రూలు పెట్టడమంటే ఆర్టీసీ బస్టాండులో నిలబడి "అన్నా" అని పిలవడమే. సగం మంది తిరిగి చూస్తారు.

పేర్లు తీసేసి పూర్తి చిరునామాలు పెట్టాను. 'ఉంటే' బదులు 'సరిగ్గా అదే అయితే' అన్న షరతు. రెండు రోజులు చూశాం. నాగపూర్ సహోద్యోగి, రెడ్డిగారు బుద్ధిగా ముఖ్యంలో పడ్డారు. ఇంజనీరమ్మ, కెన్యా ఆయన ఒక్కసారీ పడలేదు. ఇద్దరూ ఆ రెండు రోజుల్లో రాశారని ఇన్‌బాక్స్‌లో కళ్లకు కనపడుతోంది, ఫిల్టర్‌కు మాత్రం కనపడడం లేదు. చిరునామాలో అక్షరం తప్పిందేమోనని మూడుసార్లు టైపు చేశాను.

ఇక్కడ నేను ఆలస్యంగా చేసిన పని మీరు ముందే చేయండి: మెయిల్ తెరిచి కంట్రోల్ నొక్కి యు కొట్టండి. ఉత్తరం కవరు మీది ముద్రలన్నీ బయటపడతాయి. ఇంజనీరమ్మ మెయిల్‌లో ఫ్రమ్ ఎదురుగా ఆమె పేరు, ఆ పక్కన 'వయా' అని లిస్టు పేరు, కోణాల గుర్తుల మధ్య చిరునామా మాత్రం లిస్టుది. ఆమె అసలు చిరునామా కిందకు దిగి రిప్లై-టు వరసలో, అంటే జవాబు ఎక్కడికి పోవాలో చెప్పే వరసలో, కూర్చుంది. మెయిల్ చూపించే కిటికీలో పేరే పెద్దగా కనపడుతుంది కాబట్టి చిరునామా మారిన సంగతి కంటికి ఆనలేదు. నాగపూర్ ఆయన మెయిల్‌లో ఇలా లేదు, ఫ్రమ్‌లో ఆయన చిరునామాయే ఉంది. ఒకే లిస్టు, రెండు రకాల ముద్రలు.

తేడా ఎక్కడంటే, తప్పినవాళ్లిద్దరివీ యాహూ చిరునామాలు, దొరికినవాళ్లవి జీమెయిల్‌వి.

దీని వెనక 2014 నాటి కథ ఉంది. ఆ ఏప్రిల్‌లో యాహూ తన చిరునామాలతో దొంగ ఉత్తరాలు పోతున్నాయని పంపినవారి పేరు నిజమో కాదో సరిచూసే డీమార్క్ అనే ఏర్పాటులో గట్టి ఆజ్ఞ ప్రకటించింది: ఫ్రమ్‌లో మా పేరుండి, మా ముద్ర సరిగా లేకపోతే ఆ ఉత్తరాన్ని తిప్పి కొట్టండి అని. అదే నెలలో ఏఓఎల్ కూడా ఆ దారి పట్టింది. దొంగల సంగతి ఏమోగానీ మెయిలింగ్ లిస్టులన్నీ ఒక్కసారిగా కుదేలయ్యాయి.

సారుకు అర్థమయ్యేలా మిర్యాలగూడ లెక్కలో చెప్పాను. మిల్లు నుంచి బియ్యం బస్తా మూతి కుట్టి, సీలు వేసి బయలుదేరుతుంది. మధ్యలో కమీషన్ ఏజెంటు దాన్ని విప్పి, తన చీటీ ఒకటి లోపల పెట్టి మళ్లీ కుట్టి పంపుతాడు. గోదాము దగ్గర కొత్తగా ఒక పట్టుదల గల గుమస్తా చేరాడు: బస్తా మీద ఏ మిల్లు పేరుందో ఆ మిల్లు సీలు చెక్కుచెదరకుండా ఉండాలి, లేదా ఆ మిల్లు లారీయే రావాలి, రెండూ కాకపోతే వెనక్కి. మన మెయిలింగ్ లిస్టే ఆ ఏజెంటు. సబ్జెక్టు ముందు బ్రాకెట్లో లిస్టు పేరు తగిలిస్తుంది, అడుగున 'సభ్యత్వం మానుకోవాలంటే ఇక్కడ' అని రెండు వరసలు చేరుస్తుంది. ఉత్తరంలో అక్షరం మారితే డీకిమ్ అనే సీలు చెల్లదు. లారీ కూడా లిస్టుదే కాబట్టి ఎస్పీఎఫ్ అనే రెండో పరీక్షలో బండి పేరు, బస్తా పేరు కలవవు. ఏజెంటుకు మిగిలిన దారి ఒక్కటే, బస్తా మీద తన పేరు రాసుకుని 'ఫలానా మిల్లు సరుకు, నా ద్వారా' అనడం. ఆ 'నా ద్వారా' అన్నదే ఈ 'వయా'. మెయిల్‌మ్యాన్ ఇలాగే చేస్తుంది, గూగుల్ గ్రూప్స్ కూడా ఇలాగే చేస్తుంది. జీమెయిల్ చిరునామాలకు ఆ గట్టి ఆజ్ఞ లేదు, అందుకే నాగపూర్ బస్తా సొంత పేరుతోనే వచ్చింది.

"అంటే ఆమె పంపింది గాని, పంపినట్టు లేదు" అన్నారు సారు. సరిగ్గా అంతే.

ఇంకా లోతుకు పోతే ఒక లిస్టు మెయిల్‌కు 'పంపినవారు' ముగ్గురు. ఫ్రమ్‌లో ఉన్నది మనిషి, లేదా వయా అయితే లిస్టు. సెండర్ అనే వరస చాలా లిస్టుల్లో లిస్టుదే. అన్నిటికంటే పైన రిటర్న్-పాత్, అంటే చేరని ఉత్తరం తిరిగిపోవాల్సిన చోటు, అదీ లిస్టు సర్వరుదే. కస్టమర్ 'పంపినవారిని బట్టి' అన్నప్పుడు మనసులో ఉండేది మనిషి. ఫిల్టర్ చూసేది మాత్రం ఫ్రమ్ వరసను. ఆ రెండూ ఒకటే అనుకోవడమే నా తప్పు.

వీటిలో దేన్నీ నమ్మనక్కర్లేకుండా లిస్టును గుర్తుపట్టే వరస ఒకటుంది, లిస్ట్-ఐడీ. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 2919 అనే ఇంటర్నెట్ నియమ పత్రంతో ప్రమాణమైంది. లిస్టు సర్వరు మారినా, సబ్జెక్టు ముందు బ్రాకెట్ తీసేసినా అది మారకూడదన్నది దాని ఉద్దేశం. థండర్‌బర్డ్ షరతుల జాబితాలో అది మామూలుగా కనపడదు. జాబితా చివర కస్టమైజ్ నొక్కి, కోలన్ లేకుండా పేరు టైపు చేసి చేర్చుకోవాలి. రిప్లై-టునూ అలాగే చేర్చాను.

రెండో విడత రూళ్లు ఇలా రాశాను. పైన మొదటి రూలు: ఫ్రమ్‌లో గానీ రిప్లై-టులో గానీ ఈ నాలుగు చిరునామాల్లో ఏదున్నా ముఖ్యం ఫోల్డర్‌కు పంపి, అక్కడితో ఆపు. దాని కింద రెండోది: లిస్ట్-ఐడీలో ఈ లిస్టు పేరుంటే లిస్టు ఫోల్డర్‌కు. థండర్‌బర్డ్ రూళ్లను పైనుంచి కిందకు వరసగా చూస్తుంది, అందుకని ప్రత్యేకమైనది పైన, గంపగుత్తది కింద. ఇది తిరగేస్తే ఇంజనీరమ్మ కూడా గుంపులోనే పోతుంది. పాత మెయిళ్ల మీద రన్ నౌ నొక్కితే ఆమె ఉత్తరాలు పదకొండు బయటికొచ్చాయి. సారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

రెండు మూడు మెయిళ్లు మాత్రం లిస్టు ఫోల్డర్‌కు పోకుండా ఇన్‌బాక్స్‌లోనే నిలబడ్డాయి. ఎవరో జవాబిస్తూ సారు చిరునామా కూడా సీసీలో పెట్టారు. అలాంటప్పుడు ఒక కాపీ నేరుగా వస్తుంది, దాని మీద లిస్టు ముద్రలేవీ ఉండవు. రెండు కాపీలు ఎందుకని మెయిల్‌మ్యాన్ తన కాపీని ఆపేసే వీలు కూడా ఉంది. రెండో రూలుకు 'టు లేదా సీసీలో లిస్టు చిరునామా ఉంటే' అని ఇంకో షరతు తగిలించాను, సర్దుకుంది. నిజానికి ఇలా నేరుగా వచ్చినవి ఇన్‌బాక్స్‌లో ఉండడమే మేలని నా అభిప్రాయం. ఎవరో ప్రత్యేకంగా మన పేరు పెట్టారు కదా. సారు ఒప్పుకోలేదు.

ఇంతటితో ఆపి ఉంటే బాగుండేది. ఐదో మనిషిని చేర్చాలన్న ప్రతిసారీ షాపుకు రాకుండా, ఆయనే చేసుకునేలా ఉంటుందని అతితెలివికి పోయాను. థండర్‌బర్డ్‌లో 'ఫ్రమ్ నా ఫలానా అడ్రస్ బుక్కులో ఉంటే' అన్న షరతు ఉంది. 'ముఖ్యులు' అని ఒక పుస్తకం తయారుచేసి, దానికో రూలు రాసి, "ఎవరు కావాలన్నా ఈ పుస్తకంలో వేస్కోండి సార్" అన్నాను. నాలుగో రోజు ఫోన్: "తమ్మీ, లోకమంత ముఖ్యమే అయింది." వెళ్లి చూస్తే వయాగా వచ్చిన లిస్టు మెయిళ్లన్నీ ముఖ్యం ఫోల్డర్‌లో. సారు ఒక వయా మెయిల్ తెరిచి, పేరు పక్కనున్న నక్షత్రం నొక్కి, ఆ కాంటాక్టును ముఖ్యులులోకి మార్చారు. పేరు మనిషిదే పడింది, చిరునామా మాత్రం లిస్టుది పడింది. ఇక వయాగా వచ్చిన ప్రతి ఒక్కరూ ముఖ్యులే. తప్పు ఆయనది కాదు, ఆ బటన్ చేతికిచ్చింది నేను. పుస్తకం తీసేశాను.

రెండో వారం ఇంకో చిక్కు. సారు నీటి శాంపిళ్లకని ఇంకా పల్లెలు తిరుగుతుంటారు, ఇప్పుడు జీతం లేకుండా. మెయిల్ ఫోన్‌లో చూస్తారు. థండర్‌బర్డ్ రూలు పనిచేయాలంటే ఇంట్లో లాప్‌టాప్ ఆన్‌లో ఉండి, థండర్‌బర్డ్ తెరిచి ఉండాలి. మర్రిగూడలో నిలబడి ఫోన్ తీస్తే మళ్లీ నలభై మూడు. కాబట్టి రూళ్లు సర్వరు దగ్గరే, జీమెయిల్ లోపలే ఉండాలి.

జీమెయిల్‌లో లిస్ట్-ఐడీని పట్టుకోవడానికి వెతుకులాటలో లిస్ట్ అన్న మాట, కోలన్, పేరు రాస్తే చాలు. ముందు గంపగుత్త రూలు పెట్టాను: ఈ లిస్టువైతే లేబుల్ వేసి ఇన్‌బాక్స్ దాటించు. అంతే, థండర్‌బర్డ్‌లో ముఖ్యం ఫోల్డర్‌కు మెయిళ్లు రావడం ఆగిపోయింది. మామూలు సెట్టింగులో థండర్‌బర్డ్ రూళ్లు తనంతట తాను నడిపేది ఇన్‌బాక్స్ మీదే. మెయిల్ ఇన్‌బాక్స్‌కే రాకపోతే అది చూసేదేముంది? ఇద్దరు కాపలాదార్లు ఒకే గేటు దగ్గర ఉంటే ఇలాగే అవుతుంది. థండర్‌బర్డ్ రూళ్లన్నిటికీ టిక్ తీసేసి పనంతా జీమెయిల్‌కే అప్పజెప్పాను.

అక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, రిప్లై-టును చూసి రూలు రాసే వీలు జీమెయిల్ ఇవ్వదు. రెండు, జీమెయిల్ రూళ్లకు వరస లేదు, 'అక్కడితో ఆపు' లేదు. సరిపోయినవన్నీ ఒకేసారి అమలవుతాయి. అంటే ఇంజనీరమ్మ మెయిల్‌కు ముఖ్యం లేబులూ పడుతుంది, గంపగుత్త రూలు దాన్ని ఇన్‌బాక్స్ నుంచి తీసేస్తుంది కూడా.

మొదటిదానికి విరుగుడు నేను సిగ్గుపడి తీసేసిన పాత పద్ధతే. జీమెయిల్ ఫ్రమ్ వెతుకులాటలో పేరు కూడా చెల్లుతుంది, వయా మెయిళ్లలో పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది. పెట్టె మొత్తం మీద పేరుతో వెతికితే బస్టాండే. ముందు లిస్ట్-ఐడీతో గిరి గీసి, ఆ గిరి లోపల పూర్తి పేరుతో వెతికితే మాత్రం ఇంకో మనిషి తగిలే అవకాశం చాలా తక్కువ. రెడ్డిగారి మొత్తం పేరు పెట్టాను, లిస్టులో ఆ పేరుతో ఇంకెవరూ లేరు. రెండోదానికి గంపగుత్త రూలులోనే ఆ నలుగురి పేర్ల ముందు మైనస్ గుర్తు పెట్టి మినహాయించాను. రెండిటికీ 'ఎప్పుడూ స్పామ్‌లో వేయకు' అన్న టిక్ పెట్టాను. లిస్టు మెయిళ్ల ముద్రలు ఎలా చెడతాయో చూశాం కదా, అవి స్పామ్‌లో పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒకే విషయం మీది మెయిళ్లను కట్టగట్టి చూపే కాన్వర్సేషన్ వ్యూ కూడా ఆపేశాను. లేకపోతే ఇంజనీరమ్మ ఒక్క మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి రాగానే ఆ కట్టలోని పాతిక మంది మాటలూ దానితో పాటు దిగుతాయి.

లాప్‌టాప్ ఒక్కటే వాడేవాళ్లకైతే నేను ఇప్పటికీ థండర్‌బర్డ్‌లో రిప్లై-టు రూలే పెడతాను. చిరునామాతో పట్టుకోవడం పేరుతో పట్టుకోవడం కంటే గట్టిది. సారుకు ఫోన్ కావాలి, కాబట్టి పేరు. తొలగించు అనే పని మాత్రం లిస్టు మెయిళ్ల మీద ఎక్కడా పెట్టలేదు, ఎవరడిగినా పెట్టను. ఫలానా ఆయన వాగుడుకాయ, చెత్తబుట్టలో వేయమన్నారు సారు ఒకరి గురించి. లేబుల్ వేసి పక్కన పెట్టాను. రెండు వారాల తర్వాత ఆ వాగుడుకాయే పటిక బురదను ఏం చేయాలన్నదాని మీద మంచి కాగితం పంపాడట.

మూడో వారం సారు కోపంగా షాపుకొచ్చారు. ఇంజనీరమ్మకు జవాబు లిస్టుకు రాశారట, రెండు పేజీలు: ముందు క్షారత కొలవాలి, దాన్నీ ఫ్లోరైడ్‌నూ కలిపి చూసి పటిక మోతాదు తేల్చాలి, సున్నం తక్కువైతే ఉదజని సూచిక (పీహెచ్) పడిపోయి అల్యూమినియం నీళ్లలోనే ఉండిపోతుంది, అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. పొద్దున పంపితే సాయంత్రం దాకా లిస్టు నుంచి తన ఉత్తరం తనకు తిరిగి రాలేదు. "నీ ఫిల్టరే మింగింది" అన్నారు. మింగింది నా ఫిల్టర్ కాదు. మనం పంపిన మెయిలే లిస్టు తిప్పి పంపితే, ఇది ఇప్పటికే పంపినవాటిలో (సెంట్) ఉంది కదా అని జీమెయిల్ రెండో కాపీని ఇన్‌బాక్స్‌లో చూపదు. పాత ఉత్తరాలన్నీ దాచే లిస్టు ఆర్కైవ్ తెరిచి ఆయన ఉత్తరం అక్కడ ఉందని చూపించాను. నమ్మకం కుదరక ఫోన్‌తో స్క్రీన్‌ను ఫొటో తీసుకున్నారు.

ఇంతలో ఆ ఫోన్‌లోనే ముఖ్యం లేబుల్‌తో ఒకటి వచ్చింది. ఇంజనీరమ్మది, పేరు పక్కన వయాతో సహా. కృతజ్ఞతలు ఒక వరసే, తర్వాతంతా ప్రశ్నలు: అక్కడ దొరికే సున్నంలో మట్టి ఎక్కువ, దాని బలం ఊళ్లో ఎలా తేల్చేవారు అని. సారు ప్రింటర్ పక్కన నిలబడే చదివారు. తర్వాత "తమ్మీ, ఒక తెల్ల కాగితం ఇయ్యి" అని అడిగి, కౌంటర్ మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. వెనకాల ఫొటో ప్రింట్ల కోసం ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు.